గండిపేటకు కిలోల లెక్క కావాలి

జీవో 111 మీద పాతికేళ్లకు పైగా నడుస్తున్న తగువులో ఎకరాల మాట వినిపించినంతగా నీటి మాట వినిపించదు. 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు హైదరాబాద్ పక్కనున్న ఉస్మాన్ సాగర్ (గండిపేట), హిమాయత్ సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, కాలనీలకు అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 69, జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టి ఆ ఆంక్షలను ఎత్తేసింది. 2023 మే నెలలో అప్పటి మంత్రివర్గం 111ని పూర్తిగా రద్దు చేస్తున్నామని ప్రకటించింది. ఈ ప్రతి మలుపులోనూ కనకమామిడి నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పక్క ఊళ్లలో చర్చకు వచ్చినవి గజం ధర, లేఅవుటు అనుమతి, అంతస్తుల లెక్క. ఉత్తర్వును సమర్థించేవాళ్లూ ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) హద్దులు, బఫర్ జోన్లు, ఆక్రమణల గురించే మాట్లాడారు. ఇదే రోడ్డు మీది మర్రిచెట్ల కోసం కోర్టుకెక్కిన వాళ్లున్నారు, మంచిదే. ఆ రోడ్డుకు రెండు పక్కలా పడే వాన నీటితో పాటు ఏం కొట్టుకుపోతోందో అడిగినవాళ్లు మాత్రం తక్కువ. ఈ పరీవాహక ప్రాంతంలో ఏది ఉండొచ్చు, ఏది కూడదు అన్నది తేల్చాల్సింది జలాశయంలోకి ఏటా ఎన్ని కిలోల భాస్వరం చేరుతోందన్న లెక్కతో. ఆ లెక్క జీవో 111 ఉన్నా కావాలి, పోయినా కావాలి. ఇప్పుడే ఎందుకు కావాలంటే, చెరువు ఒకసారి పచ్చబడితే దాన్ని వెనక్కి తేవడానికి ఒక తరం పట్టొచ్చు.

ముందు భాస్వరం సంగతి. నీటిలో నాచు పెరగడానికి కర్బనం, నత్రజని, భాస్వరం మూడూ కావాలి. కర్బనం గాలిలోంచి వస్తుంది. నత్రజని తక్కువైతే దాన్ని కూడా గాలిలోంచి లాక్కోగల నీలి ఆకుపచ్చ నాచు రకాలున్నాయి. భాస్వరానికి ఆ దారి లేదు. మట్టి నుంచో, ఎరువు నుంచో, మురుగు నుంచో రావాల్సిందే. 1973లో కెనడాలోని ఒంటారియో అడవుల్లో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడదీసింది. ఒక సగంలో కర్బనం, నత్రజని వేసింది. రెండో సగంలో ఆ రెంటితో పాటు భాస్వరం కూడా వేసింది. కొన్ని వారాల్లోనే భాస్వరం పడ్డ సగం చిక్కటి ఆకుపచ్చగా మారింది, ఇవతలి సగం తేటగానే ఉండిపోయింది. పైనుంచి తీసిన ఆ ఒక్క ఫొటో, బట్టల సబ్బుల్లో ఫాస్ఫేటు వాడకం మీద అమెరికా, కెనడాల్లో నడుస్తున్న వాదాన్ని దాదాపు ముగించింది. నాచు వల్ల నష్టం కంటికి కనిపించే రంగు ఒక్కటే కాదు. పగలు ప్రాణవాయువు వదిలే నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. అందుకే చేపలు చచ్చి తేలడం ఎక్కువగా పొద్దున్నే కనిపిస్తుంది. చచ్చిన నాచు అడుగుకు చేరి కుళ్లేటప్పుడు మిగిలిన కాస్తా ఖర్చవుతుంది. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని కూడా వదులుతాయి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో సుమారు 5 లక్షల మందికి ఆ విషం వల్లే రెండు మూడు రోజులు నల్లా నీళ్లు బందయ్యాయి. కాచి తాగుదామన్నా కుదరదు, కాచితే ఆ విషం పోదు.

ఇప్పుడు మన లెక్క. లీటరు నీటిలో మొత్తం భాస్వరం 30, 35 మైక్రోగ్రాములు దాటితే చెరువు పచ్చబడే దశకు చేరినట్టు సాధారణంగా లెక్కిస్తారు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. రైతు కొనే 50 కిలోల డీఏపీ బస్తాలో ఫాస్ఫేటు 46 శాతం, అందులో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. నిండితే 3.9 టీఎంసీలు పట్టే ఉస్మాన్ సాగర్‌ను లీటరుకు 30 మైక్రోగ్రాముల గీత దగ్గరికి తీసుకెళ్లడానికి సుమారు 3,300 కిలోల భాస్వరం చాలు. అంటే 330 డీఏపీ బస్తాలు, ఒకటి రెండు లారీల సరుకు. 2.97 టీఎంసీల హిమాయత్ సాగర్‌ను కలుపుకున్నా మొత్తం సుమారు 5,800 కిలోలే. అది కూడా రెండూ నిండుకుండల్లా ఉన్నప్పటి లెక్క. ఎండాకాలంలో సగానికి పడితే అందులో సగం చాలు. అయితే పొలంలో వేసిన బస్తా అంతా చెరువుకు పోదు. ఎర్ర నేలల్లోని ఇనుము భాస్వరాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కొట్టుకుపోయేది నూటికి కొద్ది పాళ్లే. ఆ కొద్ది పాళ్లు కూడా ఏడాది పొడుగునా పోవు. దుక్కి దున్ని, ఎరువు చల్లి, మొలక ఇంకా నేలను కప్పకముందు పడే రెండు మూడు పెద్ద వానల్లోనే చాలా భాగం మట్టితో కలిసి వాగులో పడుతుంది. కూరగాయలు, పూల తోటల కింద ఎకరానికి పడే ఎరువు జొన్న చేనులో కన్నా ఎక్కువ. పాలీహౌస్‌లో డ్రిప్పు ద్వారా పంతొమ్మిది పంతొమ్మిది పంతొమ్మిది రకం నీటిలో కరిగే ఎరువు వెళ్తుంది. మొక్క తీసుకోగా మిగిలి కిందికి కారినదాన్ని పట్టి మళ్లీ వాడే ఏర్పాటు లేకపోతే అది పక్క మోరీలోకే చేరుతుంది. కోళ్ల ఫారం వెనక ఆరుబయట పోసిన కోళ్ల ఎరువు కుప్ప మీద ఒక్క రాత్రి కుండపోత పడితే చాలు, భాస్వరం మట్టి సాయం కూడా లేకుండా నీటిలో కరిగి పోతుంది.

పొలం కన్నా పెద్ద లెక్క మనిషిది. మనిషి ఒంట్లోంచి ఏడాదికి సుమారు అర కిలో భాస్వరం బయటికి పోతుంది. పదివేల మంది ఉండే కాలనీ వస్తే ఏటా 5,000 కిలోలు. రెండు జలాశయాలనూ ప్రమాదపు గీత దాటించడానికి కావాల్సిన దానికి ఇది దగ్గర దగ్గర సమానం. దీనికి అందరూ చెప్పే జవాబు ఎస్టీపీలు. మురుగు శుద్ధి కేంద్రం కడతాం, నీళ్లు తేటగా బయటికొస్తాయి, ఇంకేం భయం అంటారు. తేటగా ఉండటం, భాస్వరం లేకపోవడం ఒకటి కాదు. మామూలు ఎస్టీపీ కుళ్లే పదార్థాన్ని తగ్గించడానికి కట్టింది. భాస్వరంలో పావు వంతు, మూడో వంతు పట్టుకుంటే గొప్ప. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ఎస్టీపీ ప్రమాణాల్లో అసలు భాస్వరం ఊసే లేదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ అంతకన్నా కఠినమైన ప్రమాణాలు చెబుతూ, చెరువుల్లోకి వదిలే నీటిలో భాస్వరం లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదంది. మంచి అడుగే. కానీ 1 మిల్లీగ్రామంటే 1,000 మైక్రోగ్రాములు, చెరువు పచ్చబడే గీతకు 30 రెట్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున చూస్తే, ఆ ప్రమాణాన్ని ఒక్క రోజు కూడా తప్పకుండా పాటించిన పదివేల మంది కాలనీ నుంచి కూడా ఏటా దాదాపు 490 కిలోలు పోతాయి. అలాంటి కాలనీలు పది వస్తే మళ్లీ మొదటి లెక్కకే వచ్చాం. కరెంటు పోయిన రోజులు, మందు కలపని రోజులు, నిర్వహణ కాంట్రాక్టు ముగిసి కొత్తది రాని నెలలు ఈ లెక్కలో కలపలేదు. కాబట్టి జంట జలాశయాల ఎగువన ఎస్టీపీ ఎంత మంచిదైనా, దాని నీరు జలాశయాన్ని తప్పించి పోవాలి. మళ్లింపు కాలువలు కడతామని జీవో 69 కూడా చెప్పింది. కాలువ ముందా, కాలనీ ముందా అన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్ చుట్టూ ఇప్పటిదాకా ఏది ముందొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

చెడితే అప్పుడు చూద్దాం, డబ్బు పెడితే బాగుపడదా అనేవాళ్లకు రెండు సరస్సుల కథ చెప్పాలి. అమెరికాలోని సియాటిల్ పక్కన ఉన్న వాషింగ్టన్ సరస్సులోకి ఊళ్ల మురుగు శుద్ధి కేంద్రాల నీరు చేరి 1950ల్లో నీలి ఆకుపచ్చ నాచు కమ్మింది. శాస్త్రవేత్త ఎడ్మండ్‌సన్ హెచ్చరికలు విన్న ప్రజలు 1958లో ఓటేసి ఒక సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. 1963 నుంచి 1968 లోపు మురుగంతా సరస్సును తప్పించి మళ్లించారు. 1970ల మధ్యకల్లా నీరు మళ్లీ తేటపడింది. ప్రపంచమంతా ఈ విజయాన్నే చెప్పుకుంటుంది. అయితే ఆ సరస్సు లోతు 60 మీటర్ల పైమాటే, కొత్త నీరు కూడా త్వరత్వరగా వచ్చి పోతుంది. స్వీడన్‌లోని ట్రుమెన్ సరస్సు సుమారు రెండు మీటర్ల లోతుది. అక్కడ 1950ల చివరికల్లా మురుగు ఆపేశారు. పదేళ్లు గడిచినా నీరు పచ్చగానే ఉండిపోయింది. ఆపిన తర్వాత కూడా పచ్చగా ఎందుకుందంటే, అన్నేళ్లూ చేరిన భాస్వరం అడుగు బురదలో కూర్చుంది. బురద పైన ప్రాణవాయువు ఉన్నంతసేపు అక్కడి ఇనుము దాన్ని పట్టి ఉంచుతుంది. నాచు కుళ్లి ప్రాణవాయువు అడుగంటగానే ఆ పట్టు వదులుతుంది, భాస్వరం పైకి లేస్తుంది, మళ్లీ నాచుకు మేతవుతుంది. చివరికి 1970, 71లలో అడుగు బురదను తోడి తీసేస్తే గానీ ట్రుమెన్ కోలుకోలేదు. లోతు తక్కువ, ఎండ ఎక్కువ, వేసవిలో నీరు సగానికి పడే మన జలాశయాలు ఈ రెంటిలో దేనికి దగ్గరో చెప్పడానికి నిపుణుల కమిటీ అక్కర్లేదు. నగరం నడుమే ఉదాహరణ ఉంది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల నుంచి దశాబ్దాల పాటు మురుగు తాగిన హుస్సేన్ సాగర్‌కు 2006 నుంచి జపాన్ రుణంతో ప్రక్షాళన పథకం నడిచింది. నాలాల మురుగును అడ్డుకుని మళ్లించే కట్టడాలు వచ్చాయి. పొడి రోజుల్లో అవి పనిచేస్తాయి, గట్టి వాన పడితే వాన నీటితో కలిసి మురుగు వాటి మీదుగా పొర్లిపోతుంది. అడుగు బురద బాకీ ఎటూ పూర్తిగా తీరలేదు. అందుకే ఎండలు ముదరగానే ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకోవాల్సి వస్తుంది, అధికారులు సూక్ష్మజీవుల మందులు చల్లాల్సి వస్తుంది. ఇక చెరువుల్లో గుర్రపుడెక్క తీసే తంతు చూస్తే నవ్వొస్తుంది. ఒళ్లంతా పోషకాలు పట్టిన ఆ మొక్కను యంత్రంతో లాగి అదే కట్ట వాలు మీద కుప్ప పోస్తారు. వానొచ్చాక అది కుళ్లి ఆ రసం మళ్లీ అదే చెరువులోకి దిగుతుంది.

ఎగువ రైతు అడిగే ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. మా నీళ్లు తాగేది నగరం, ఆంక్షలు మాకా? రోడ్డుకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే ఇవతల మేం టమాటా, క్యారెట్ వేసుకుని కూర్చోవాలా? పైగా నగరం వాడే నీటిలో ఈ జలాశయాల వాటా 1.25 శాతం లోపేనని జీవో 69లో ప్రభుత్వమే చెప్పాక ఇంకా ఈ కట్టడి ఎందుకు? ఇలా అడగడంలో న్యాయముంది. ఎవరి మేలు కోసం ఆంక్ష పెడతామో వాళ్లే దాని ఖరీదు కట్టాలి. 1997లో న్యూయార్క్ నగరం ఎగువ కొండల్లోని ఊళ్లతో ఒప్పందం చేసుకుని, పశువుల కొట్టాల దగ్గర పేడ గుంటలకు, వాగుల ఒడ్డున పచ్చిక పట్టీలకు, సెప్టిక్ ట్యాంకుల మరమ్మతుకు తన డబ్బు పెట్టింది. కొన్ని వందల కోట్ల డాలర్లయ్యే వడపోత కేంద్రం కట్టే అవసరం దాంతో తప్పింది. మన దగ్గర పాతికేళ్ల పాటు ఆంక్ష ఉంది, పరిహారం లేదు. ఫలితంగా రైతు భూమి అమ్ముకున్నాడు, అక్కడ ఫామ్‌హౌస్ లేచింది. ఎరువు మానేస్తే పంట పోతుందన్న భయం కూడా నిజమే, కానీ మానేయమని ఎవరూ అనడం లేదు. ఏళ్ల తరబడి డీఏపీ పడ్డ కూరగాయల మడుల్లో భాస్వరం పేరుకుపోయి ఉండొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కర్ణాటకలో మెట్ట పొలాల మట్టిని పరీక్షించిన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు విరివిగా కనిపించినవి గంధకం, జింకు, బోరాన్ లోపాలు. మట్టి పరీక్ష కార్డు చూసి, ఉన్నది తగ్గించి లేనిది వేస్తే రైతుకు డబ్బు మిగులుతుంది, వాగుకు భారం తగ్గుతుంది. పరీక్ష ఫలితం ఎరువులు కొనే రోజుకు చేతికందాలి, అంతే. 1.25 శాతం వాదానికి వేరే జవాబుంది. పోయిన ఏడాది వానలు ఎట్లా ఉన్నాయో వచ్చే ఏడాది అట్లాగే ఉంటాయని ఎవరూ రాసివ్వలేదు. కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్ల అవతలి నుంచి కరెంటు మోటార్లతో ఎత్తి తేవాల్సినవి. గండిపేట నీరు పల్లానికి తానే నడిచొస్తుంది.

గోదావరి మాట వచ్చింది కాబట్టి ఇంకో ఆశ గురించి చెప్పాలి. 2025 సెప్టెంబరులో ఉస్మాన్ సాగర్ దగ్గరే శంకుస్థాపన జరిగిన రూ.7,360 కోట్ల గోదావరి పథకంలో మల్లన్నసాగర్ నుంచి తెచ్చే 20 టీఎంసీల్లో 2.5 టీఎంసీలు మూసీ పునరుజ్జీవం కోసం జంట జలాశయాలకు కేటాయించారు. కొత్త నీరు వచ్చి కడిగేస్తుంది, ఇక మురికి నిలవదు అనే ధీమా దీని వెంటే వచ్చింది. తేట నీటితో పలుచన చేసి సరస్సును బాగుచేసిన సందర్భాలు లేకపోలేదు. అక్కడ వచ్చే నీటిలో భాస్వరం బాగా తక్కువ, పాత మురుగు ఆపడం కూడా అదే సమయంలో జరిగింది. గోదావరి నీరు కూడా పొలాలు, ఊళ్లు దాటే వస్తుంది. మాటవరసకు లీటరుకు 50 మైక్రోగ్రాములు ఉందనుకుంటే 2.5 టీఎంసీలు ఏటా 3,500 కిలోల భాస్వరాన్ని మోసుకొస్తాయి. ఉందో లేదో, ఎంతుందో గేట్లెత్తే ముందు కొలిచి చెప్పడం పెద్ద ఖర్చు కాదు. వేల కోట్ల పైపులైన్ పక్కన అది లెక్కలోకే రాదు.

ఇదంతా ఎగువనున్న మొయినాబాద్, చేవెళ్లలకే సంబంధించింది కూడా కాదు. గండిపేట నుంచి వదిలిన మూసీ నీరు, హిమాయత్ సాగర్ గేట్లు దాటిన ఈసీ నీరు బాపూఘాట్ దగ్గర కలిసి, నగరం మురుగంతా మోసుకుని, వాడపల్లి దగ్గర కృష్ణలో పడతాయి. అక్కడి నుంచి పులిచింతల, ప్రకాశం బరాజ్ మీదుగా బంగాళాఖాతం. సముద్రంలో లెక్క కొంచెం మారుతుంది, అక్కడ నాచుకు కొరత పడేది చాలాసార్లు నత్రజని, అంటే యూరియా, మురుగు రెండూ లెక్కలోకి వస్తాయి. ఒకప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఈ పోషకాలను వడకట్టి నిలిపే పని కొల్లేరు చేసేది. చేపల చెరువుల గట్లు దాన్ని ముక్కలు చేశాయి. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చినా, 2006లో గట్లు పేల్చినా ఆ పని మునుపటిలా సాగడం లేదు. చేపల మేత, ఎరువు కలిసిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికే పోతుంది. బంగాళాఖాతం లోపలి పొరల్లో, 100 నుంచి 400 మీటర్ల లోతున, సుమారు 60,000 చదరపు కిలోమీటర్ల మేర ప్రాణవాయువు దాదాపు లేనట్టేనని 2016లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు కూడా ఉన్న బృందం తేల్చింది. మిగిలిన ఆనవాలు ప్రాణవాయువే అక్కడి రసాయన చక్రాన్ని ఒక పక్కకు ఒరగకుండా ఆపుతోంది. నదులు తెచ్చే పోషకాలు పెరిగితే అదీ పోవచ్చునని వాళ్ల హెచ్చరిక. ఆశ కలిగించే ఉదాహరణ నల్ల సముద్రం. అక్కడి వాయవ్య తీరంలో 1990 నాటికి దాదాపు 40,000 చదరపు కిలోమీటర్లు ఊపిరాడని నీరుగా మారింది. సోవియట్ వ్యవస్థ కూలి, రైతులకు ఎరువులు కొనే స్తోమత పోయాక కొన్నేళ్లలోనే ఆ ప్రాంతం బాగా కుంచించుకుపోయింది. ఎవరూ పథకం వేసి చేసిన పని కాదది. ఎరువు తగ్గితే సముద్రం కూడా స్పందిస్తుందని తేలింది గానీ, పోయిన ఆల్చిప్పల పడకలు, చేపల మందలు నీరు బాగుపడ్డ వేగంతో తిరిగి రాలేదు. అమెరికా, కెనడాల సరిహద్దులోని ఈరీ సరస్సు దీనికి తలకిందులైన పాఠం. 1970ల్లో సబ్బుల్లోని ఫాస్ఫేటును, మురుగును అదుపు చేసి సరస్సును కాపాడుకున్నారు. పొలాల లెక్క వదిలేశారు, 1990ల తర్వాత నాచు మళ్లీ వచ్చింది. టొలీడో నల్లాలు బందయింది ఆ సరస్సు నీటి వల్లే.

ముందు జాగ్రత్త సూత్రం మన దేశపు న్యాయంలో వేళ్లూనుకున్న కేసుల్లో ఒకటి ఈ నేల మీద పుట్టిందే. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో నూనె పరిశ్రమ పెట్టాలన్న కంపెనీపై కాలుష్య నియంత్రణ మండలి వేసిన కేసులో 1999లో, మళ్లీ 2000లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన ఆ తీర్పుల సారం ఒకటే. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, హాని జరగదని తలపెట్టినవాడే రుజువు చేయాలి. దాన్ని కిలోల్లోకి మార్చడమే ఇప్పుడు మిగిలిన పని. మూసీ, ఈసీ వాగులు జలాశయాల్లోకి దిగే చోట్ల తొలి వానల్లో గంటగంటకూ నీళ్లు పట్టి భాస్వరం, నత్రజని కొలవాలి. నెలకోసారి తేట రోజున తీసిన సీసా నీళ్లతో సంవత్సరపు లెక్క తేలదు, సరుకంతా ఆ నాలుగు వానల్లోనే వెళ్లిపోతుంది. ఏడాదికి ఎన్ని కిలోలు వచ్చాయో మార్చి లోపు ప్రజల ముందు పెట్టాలి. కొత్త లేఅవుటుకైనా, రిసార్టుకైనా, కోళ్ల ఫారానికైనా అనుమతి కావాలంటే జలాశయానికి దాని వల్ల ఎన్ని కిలోలు చేరతాయో చూపాలి. చేరేది సున్నా కాకపోతే, అంతకు అంత ఎక్కడ తగ్గిస్తారో అదే కాగితంలో చెప్పాలి. తగ్గించే చోట్లు జలాశయాల ఎగువ మండలాల్లోనే ఉన్నాయి. కోళ్ల ఎరువు కుప్పలకు పైకప్పు, వాగు ఒడ్డున రెండు మీటర్ల గడ్డి పట్టీ, ఎగువ కుంటల్లో పూడిక తీత. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి చెరువు మట్టి పొలాలకు తోలుకున్నారు. పొలం నుంచి కొట్టుకొచ్చిన భాస్వరాన్ని మళ్లీ పొలానికి చేర్చే పని అది, ఆ పేరుతో ఎవరూ చేయకపోయినా. ఈ కుంటల్లో మట్టిని పరీక్షించి మూడు నాలుగేళ్లకోసారి అదే పని చేయిస్తే, ఒక్కో ట్రాక్టరుకు ఇంతని రైతుకు ఇవ్వొచ్చు. ఆ డబ్బు నగరానికి నీళ్లిచ్చే జలమండలి బిల్లులోంచే రావాలి.